నీళ్లు తాగమన్న యాదమ్మక్క

ఇబ్రహీంపట్నం బస్టాండు బయట బొప్పాయి ముక్కలు కోసే బండి దగ్గర ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా చక్రాల కుర్చీ ఆపేస్తాను. యాదమ్మక్క మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఒడిలో బాగా పండిన బొప్పాయి ఉంది. అప్పటికి నేను ఆసుపత్రి నుంచి ఇల్లు చేరి రెండు నెలలైంది. సాగర్ రోడ్డు మీద షేర్ ఆటో బోల్తా పడి నా వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. బడిలో టీచరు ఉద్యోగమూ పోయింది.

యాదమ్మక్కది యాచారం. కట్టడం పనిలో రెండో అంతస్తు నుంచి పడి, ఛాతీ కింది నుంచి స్పర్శ పోయి, పన్నెండేళ్లుగా కుర్చీలోనే తిరుగుతోంది. మా ఇంటికొచ్చే నర్సు చెబితే నన్ను చూడటానికి వచ్చింది. ఎట్లున్నవ్ అని అడగలేదు. మా బాపు ఎదురుగానే, "దొడ్డికి పోయి ఎన్నొద్దులాయె బిడ్డా?" అంది.

మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనరు. బాపు లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. అమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి, గొంతు తగ్గించి, "ఆరొద్దులు" అంది.

"ఏం తింటున్నవ్?"

"రెండు బిస్కెట్లు, చాయ," అన్నాను. ఒకసారి చుట్టాలు కూర్చుని ఉండగా నాకు తెలియకుండానే బట్టలు పాడయ్యాయి. లోపలికి ఏమీ పోకపోతే బయటికి ఏమీ రాదనుకుని తిండీ నీళ్లూ మానేశాను. అయినా మరో రెండుసార్లు అలాగే జరిగింది.

"తినకుంటే రాదనుకున్నవా పిచ్చిదానా? లోపల ఎండి రాయైతది. దాని పక్కపొంటి నీళ్ల లెక్క కారుతది. నీకు గదే అయితున్నది."

నా దేహం గురించి అంత నిజం ఎవరూ చెప్పలేదు. మర్నాడు నర్సు వచ్చి కడుపు శుభ్రం చేసింది. ఆ తర్వాత రోజూ పొద్దున ఒకే వేళకు రాగి జావ, వేడినీళ్లు, అరగంటకు మరుగుదొడ్డి కుర్చీ. ఆ పద్ధతి యాదమ్మక్కే నేర్పింది.

నేను తొందరపడ్డాను. జొన్నరొట్టె, పాలకూర, జామకాయలు అన్నీ ఒక్కసారే మొదలుపెట్టాను. నీళ్లు మాత్రం తాగలేదు. బడిలో మరుగుదొడ్డి సరిగా లేక పొద్దంతా దాహం ఆపుకున్న అలవాటు నాది. వారానికి పొట్ట రాయిలా బిగుసుకుంది. అక్క ఆటోలో వచ్చి తిట్టింది.

"నీళ్లు తక్కువైన సిమెంటు మాలు తట్టకే అతుక్కుంటది, జారదు. నీ పేగు గూడ గంతే. పొద్దటి సంది జరంత జరంత తాగు. ఒక్కపారే గుమ్మరించుకోకు."

ఆ మాట విన్నాక నా ఒళ్లు నా మాట వినడం మొదలుపెట్టింది. ఏడాదికి ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెప్పగలిగాను.

తర్వాత ఒక ఎండాకాలం హయత్‌నగర్‌లో ఆమె చెల్లెలి కూతురి పెళ్లి. ఫంక్షన్ హాలు చూపిస్తానని వీడియో కాల్ చేసింది. పట్టుచీర, పూలు, కానీ ముఖం నిండా చెమట. "నొప్పికి తలకాయ పలుగుతున్నదే," అంది.

"నీళ్లు తాగినవా అక్కా?"

"మూడొద్దుల సంది గుటకెడే. తిండి గూడ బందు, పొద్దటి పని గూడ బందు. ఈడ బాత్రూమ్ల కుర్చీ పట్టదు. అందరి ముందట నాకేమన్న అయితే పిల్ల ముఖం ఏడ వెట్టుకుంటది?"

మా బాపు ముందు ఆ ప్రశ్న అడిగిన మనిషేనా ఈమె? "దవాఖానకు పో అక్కా," అన్నాను. "అప్పగింతలు గానీ," అని ఫోన్ పెట్టేసింది. వెంటనే ఆమె చెల్లెలికి చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను.

సాయంత్రానికి యాదమ్మక్క లేదు. తలలో నరం చిట్లిందన్నారు. ఛాతీ కింద స్పర్శ లేనివాళ్లకు పేగు బిగుసుకుంటే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుందని డాక్టరు చెబితే అప్పుడు తెలిసింది. చాలా రోజులు నాకు ఏడుపు రాలేదు. ఆమెకు సిగ్గే లేదనుకున్నాను. నాకు ధైర్యం చెబుతూ తన సిగ్గును తనే మోసిందని ఒక్కనాడూ అనుమానించలేదు.

ఇప్పుడు ఎవరు పెళ్లికి పిలిచినా మొదట బాత్రూమ్ తలుపు వెడల్పు అడుగుతాను. నా కుర్చీ పట్టదంటే, "నాకు దొడ్డికి పోయే వీలు లేదు, అందుకే రాను," అని ఆ మాటతోనే చెబుతాను. దాన్ని తేలిక చేయడానికి నేను నవ్వను. ఫోన్‌లో అవతలివాళ్లు ఏదో ఒకటి అనేదాకా ఆగుతాను.