ఖండన బాబాయ్ వచ్చిన గుమ్మం

ఎదుటివాడి మాట ఖండించందే ఖండన బాబాయ్ పళ్లు తోముకునేవాడు కాదు. తెల్లారగానే వీధి గ్రూపులో ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయాలి, దాని కింద ఆయన "ఖండిస్తున్నాను" అని రాయాలి, ఆ తర్వాతే బ్రష్షు. ఎవరూ ఏమీ రాయకపోతే నిన్నటి మాటలు తవ్వితీసి వాటినే ఇంకోసారి ఖండించేవాడు. ఒకసారి పాపం ఎవరో "అందరికీ శుభోదయం" అని పెడితే, "మబ్బు పట్టి ఉంటే శుభమేమిటి? ఖండిస్తున్నాను" అన్నాడు.

ఆ గ్రూపును నడిపేది వీధి మలుపులో మందుల షాపు పెట్టుకున్నావిడ. అందరూ ఆవిణ్ణి అడ్మిన్ అనే పిలిచేవాళ్లు. మున్సిపల్ కౌన్సిల్ తీర్మానాల దగ్గర మొదలై పార్లమెంటు దాకా రోజూ పాకే గొడవల్లో ఆవిడ ఏ పక్షమూ పట్టేది కాదు. "దయచేసి మర్యాద పాటించండి" అన్న ఒక్క ముక్కను ఫోన్లో దాచుకుని, రక్తపోటు మాత్రలు ఇస్తూ ఇస్తూనే మధ్యలో అది అతికించేది. బాబాయ్ పుణ్యమా అని ఆ ముక్క అరిగిపోయింది.

పార్కు గేటుకు సాయంత్రమే తాళం వేయాలని కౌన్సిల్ తీర్మానించిన వారం ఎదురింటి టైలరు పరుగెత్తుకుంటూ షాపుకొచ్చాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మేడం, ఇది చూడండి. సర్వేయరు గారు తాళం వద్దన్నారా? బాబాయ్ ఆయనతో 'తాళం వేయాల్సిందే, మీలాంటివాళ్ల వల్లే ఊరు పాడైంది' అన్నాడా?"

"అన్నాడు. రోజూ ఉండేదేగా."

"ఇప్పుడు ఇది చూడండి. గడియారాల తాత తాళం కావాలన్నాడు. ఆయనతో ఏమన్నాడో తెలుసా? 'తాళం వేస్తే గేటు ముందు పడుకుంటాను' అన్నాడు. రెండూ ఒకే పూటండీ!"

అడ్మిన్ కళ్లజోడు సవరించుకుని చూసింది. నిజమే. ఇంకాస్త పైకి జరిపితే సర్వేయరు గారి దగ్గర ప్రభుత్వం రేపే పడిపోవాలన్నాడు, గడియారాల తాత దగ్గర ఇదే ప్రభుత్వం పదికాలాలు ఉండాలన్నాడు.

"ఒక మనిషేనా మేడం ఇది? లేక ఆ ఫోన్లో ఇద్దరున్నారా?" అన్నాడు టైలరు గొంతు తగ్గించి. అడ్మిన్ నవ్వబోయింది గానీ, ఎందుకో నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఓ మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్న వేళ, ఖండన బాబాయ్ ఒంటరిగా ఉండే సర్వేయరు గారి గుమ్మం ముందు కనిపించాడు. ఆయన నడిస్తే చప్పుడుండదు, ఎప్పుడూ రబ్బరు అడుగుల పాత బూట్లే. తలుపు తట్టలేదు. బెల్లు కొట్టలేదు. అరచెయ్యి తలుపుకు ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత మూసి ఉన్న ఆ తలుపుతో, ఎదురుగా మనిషి ఉన్నట్టే, "మీ పార్టీ ఈసారి చిత్తుగా ఓడిపోతుంది" అన్నాడు. జవాబు లేదు. "డిపాజిట్లు కూడా రావు" అన్నాడు. జవాబు లేదు. ఇదంతా కిటికీ సందులోంచి చూసిన టైలరు కత్తెర కింద పడేసుకున్నాడు. కాసేపటికి అంబులెన్సు వచ్చింది. సర్వేయరు గారిని దుప్పటి కప్పి తీసుకెళ్లారు. మర్నాటి నుంచి ఆ ఇంటికి తాళం.

గడియారాల తాత విషయంలోనూ అచ్చం ఇలాగే జరిగింది. అదే ఎండపూట, అవే బూట్లు, తలుపు మీద అదే అరచెయ్యి. ఆ ఇంట్లో తాత బాగుచేసిన గోడ గడియారాలన్నీ ఒక్కసారిగా గంటలు కొట్టాయిట, వాటి మధ్యలో బాబాయ్ గొంతు విదేశాంగ విధానాన్ని ఖండిస్తోందిట. తర్వాత అంబులెన్సు. తర్వాత తాళం.

"ఆయన ఎవరితో పోట్లాడితే వాళ్ల గుమ్మానికొస్తాడు. ఆయన గుమ్మానికొస్తే వెనకాల బండి వస్తుంది" అని టైలరు లెక్క తేల్చేశాడు. సూది గుచ్చి చెప్పినట్టు చెప్పాడేమో, వీధి మొత్తానికి ఎక్కింది. బాబాయ్ కూరగాయలకు బయలుదేరితే కిటికీలు ఒక్కొక్కటే మూసుకునేవి. పిల్లల ఆట ఆగిపోయేది. ఆయన మాత్రం సంచి ఊపుకుంటూ, ఒక్కో తలుపును ఎగాదిగా చూసుకుంటూ వెళ్లేవాడు.

ప్రాణం మీద తీపితో జనం ఓ ఉపాయం కనిపెట్టారు. పోట్లాడితేనే కదా ప్రమాదం, ఒప్పేసుకుంటే పోలా? మర్నాడు గ్రూపు రంగు మారిపోయింది. బస్టాపు మార్చడం శుద్ధ తప్పని బాబాయ్ రాస్తే, "మీరు చెప్పిందే నిజం బాబాయ్ గారూ" అన్నాడు జీవితంలో ఎవరి మాటా ఒప్పుకోని రిటైర్డ్ హెడ్మాస్టరు. "మీ వంటివారు పార్లమెంటులో ఉండాలి" అంది మేడ మీది సంగీతం టీచరు.

సాయంత్రంలోగా బాబాయ్ హెడ్మాస్టరు గుమ్మంలో ఉన్నాడు. తలుపుకు అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"నేను ఒప్పుకున్నాను కదండీ!" అని లోపల్నుంచి కెవ్వుమన్నాడు హెడ్మాస్టరు.

"అందుకే వచ్చాను. ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు బాబాయ్.

ఆ ప్రశ్నకు హెడ్మాస్టరుకు నిజంగానే జ్వరం వచ్చింది. సంగీతం టీచరు అయితే ఆయన మెట్లెక్కుతుంటే వెనక గుమ్మం నుంచి చెల్లెలింటికి పారిపోయింది. పోట్లాడినా వస్తాడు, ఒప్పుకున్నా వస్తాడు. ఇక మిగిలిన దారి ఒక్కటే, గ్రూపులోంచి తీసేయడం. ఓటు పెట్టారు. తీసేయాలన్నవాళ్లే అందరూ. వద్దన్నది ఒక్కరే, సాక్షాత్తూ అడ్మిన్ పిన్ని.

పిన్ని కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. వెనక వీధిలో, మేడ మీద వాటాలో ఒక్కతే ఉండేది. బాబాయ్ ఒక లైను రాస్తే ఆవిడ పేజీ కొట్టేది. ఆర్థిక విధానం మీద వాళ్లిద్దరి యుద్ధం చదవాలంటే కాఫీ పెట్టుకుని కూర్చోవాలి.

"ఆ లిఫ్టు మనిషిని తీసేస్తే నేనెవర్ని తిట్టాలే?" అంది ఫోన్లో. బాబాయ్ ఒకప్పుడు లిఫ్టు మెకానిక్కు లెండి.

"నీకు భయం లేదా పిన్నీ?"

"భయమా? మొన్న నేను పనిలో పడి జవాబివ్వకపోతే మెట్లెక్కి వచ్చాడు. తలుపు తియ్యకుండానే నాలుగు దులిపేశాను. కిక్కురుమనకుండా దిగిపోయాడు."

అడ్మిన్ ఫోన్ పెట్టేసింది. ఆ గుమ్మం కూడా ఆయన చూసుకుని వెళ్లాడన్నమాట. పెంచిన పిన్ని. తల్లి పోయాక జడలు వేసి, ఈ షాపు పెట్టించిన పిన్ని. ఆదివారం పొద్దున్నే, మర్యాద పాటించండి అనైనా అనకుండా, బాబాయ్ పేరు మీద వేలు పెట్టి తీసేసింది.

గ్రూపు ప్రశాంతంగా మారింది. మొదట అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మధ్యాహ్నానికి ఆ ప్రశాంతత కాస్త తేడాగా అనిపించింది. కౌన్సిల్ చెత్త పన్ను గురించి ప్రకటన వచ్చింది, కింద ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం పొద్దున్న కూడా అంతే, రెండు పువ్వుల బొమ్మలు, ఆపైన నిశ్శబ్దం. పిన్ని కూడా ఏమీ రాయలేదు. తిట్టడానికి మనిషి లేక అలిగి ఉంటుందిలే అనుకుని అడ్మిన్ షట్టరు ఎత్తింది.

వెనక్కి తిరిగేసరికి కౌంటరు ముందు ఖండన బాబాయ్ ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియలేదు. మందుల చీటీ లేదు, సంచీ లేదు. అడ్మిన్ గుండె జారి అరికాళ్లలో పడింది.

"మందులేమైనా కావాలా బాబాయ్ గారూ?"

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. "అమ్మాయ్, మీ పిన్ని ఇవాళ ఎవర్నైనా తిట్టిందా?" అన్నాడు.

"మా పిన్ని ఊసెత్తకండి!" అని అరిచింది అడ్మిన్. రోడ్డు మీద ఇద్దరు ఆగి చూశారు. "మీకు దణ్ణం పెడతాను. ఆ గుమ్మానికి మాత్రం వెళ్లకండి."

"వెళ్లను. నువ్వే వెళ్లు. పోనీ ముందు ఫోన్ చెయ్యి" అన్నాడాయన, చాలా నెమ్మదిగా.

ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. అడ్మిన్ షాపు తెరిచిందో మూసిందో కూడా చూసుకోకుండా పరుగెత్తింది. వెనకాల అడుగుల చప్పుడు లేదు, కానీ ఆయన వస్తున్నాడని ఆమెకు తెలుసు.

మేడ మీద తలుపు లోపల్నుంచి గడియ వేసి ఉంది. పక్కవాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయారు. మెట్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు. "పిన్నీ!" అని పిలిచింది. తలుపు బాదింది. ఉలుకూ పలుకూ లేదు.

బాబాయ్ ఆమెను పక్కకు జరగమని సైగ చేసి, తలుపుకు అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత గొంతెత్తి, "ఈసారి బడ్జెట్ అద్భుతం!" అన్నాడు.

అడ్మిన్‌కు ఏడుపొచ్చింది. "ఇప్పుడు కూడానా బాబాయ్ గారూ!"

"ఉండమ్మా. కోర్టు టైపిస్టులకు టైపింగే రాదు!"

లోపల ఏమీ కదల్లేదు. ఆయన చెవి తలుపుకు ఇంకాస్త ఆనించాడు. గొంతులో మొదటిసారి వణుకొచ్చింది. "ఆర్థికమంత్రి లెక్కల్లో... ఒక్క తప్పైనా... చూపించగలవా?"

చాలాసేపటికి, ఎక్కడో నేల మట్టం నుంచి, నూతిలోంచి వచ్చినట్టు సన్నటి గొంతు వినిపించింది. "...సిగ్గుందా నీకు... ఆ లెక్కలు... ఒక లెక్కలేనా..."

"ఉంది!" అని ఎగిరినంత పని చేశాడు బాబాయ్. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. గడియ జోలికే పోకుండా బయటివైపున్న తలుపు కీళ్లు ఊడదీసి, తలుపునే పక్కకు జరిపేశాడు. పిన్ని స్నానాల గది గుమ్మంలో పడి ఉంది. పొద్దున్నే జారింది, లేవలేకపోయింది, అరిచి అరిచి గొంతు పోయింది. తుంటి ఎముక విరిగింది. ఆ స్థితిలోనూ, తన మంచి తలుపు పాడు చేశాడని సైగలతో బాబాయ్‌ని తిట్టింది.

అంబులెన్సు డ్రైవరు బాబాయ్‌ని చూడగానే నవ్వాడు. "మళ్లీ మీరేనా? ఫోన్లో గొంతు వినగానే అనుకున్నాను. పోయినసారి గడియారాల పెద్దాయన ఎలా ఉన్నారు?"

"కూతురింట్లో ఉన్నాడు. ఇవాళ పొద్దున్న పార్లమెంటు గురించి ఫోన్లో నన్ను నానా మాటలూ అన్నాడు. నిక్షేపంగా ఉన్నాడు."

"సర్వేయరు గారు?" అంది అడ్మిన్.

"కొడుకు దగ్గర. పక్షవాతం కొంచెంలో తప్పింది. ఇంకా గట్టిగా తిట్టలేకపోతున్నాడు, ప్రాక్టీసు చేయిస్తున్నాను."

అప్పుడు గానీ ఆవిడకు బండి వెనక కథ అర్థం కాలేదు. ఆ వీధిలో ఎవరూ చావలేదు. తాళాలు చూసి అందరూ చంపేశారు, అంతే. ఎలా ఉన్నారని ఒక్కరూ ఫోన్ చేసి అడగలేదు. తనూ అడగలేదు. దానికి ఆవిడ సిగ్గుపడింది.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాక అడిగింది. "బాగున్నారా అని మామూలుగా అడగచ్చు కదా బాబాయ్ గారూ? ఈ పోట్లాటలెందుకు?"

"బాగున్నారా అంటే ఒంటరిగా ఉండేవాళ్లు నిజం చెప్పరమ్మా. బాగున్నామంటారు, లేదా ఓ పువ్వు బొమ్మ పెడతారు. నేను లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లను ఎంతమందిని తీశానో. లోపలివాడు నా వంశాన్నంతా తిడుతుంటే తీరిగ్గా పని చేసుకునేవాణ్ణి. తిట్టడం ఆగిందో, చేతులు పరుగెత్తేవి. అన్నిటికంటే భయమెప్పుడో తెలుసా? లోపల్నుంచి 'మీరు చెప్పినట్టే కానివ్వండి' అని మెత్తగా అన్నప్పుడు. అంటే కళ్లు తిరుగుతున్నాయన్నమాట."

"అందుకా హెడ్మాస్టరు గారింటికి..."

"ఆయన ఒప్పుకోవడమేమిటమ్మా? నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."

అడ్మిన్ పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మరి పార్కు గేటు సంగతి? అసలు మీ అభిప్రాయమేమిటి?"

"నాకు పార్కుకెళ్లే తీరికెక్కడిదమ్మా" అన్నాడాయన.

ఆ సాయంత్రమే ఆవిడ ఆయన్ని తిరిగి గ్రూపులో చేర్చి, జరిగింది జరిగినట్టు రాసింది. టైలరు క్షమాపణ చెప్పబోతే, క్షమాపణ అడిగే పద్ధతి బాగాలేదని బాబాయ్ ఖండించాడు.

మర్నాడు షాపు ముందు తాళంచెవి పట్టుకుని నిలబడ్డప్పుడు అడ్మిన్‌కు ఒక సంగతి తట్టింది. బాబాయ్ పాత వర్క్‌షాపు పైగదిలో ఒక్కడే ఉంటాడు. ఇన్ని గుమ్మాలకు చెవి ఆనించే మనిషి గుమ్మానికి ఎవరు వెళ్తారు? ఇవాళ పొద్దెక్కింది, ఇంతవరకూ ఆయన ఏమీ ఖండించలేదు.

ఆవిడ ఫోన్ తీసింది. గ్రూపు పెట్టిన దగ్గర్నుంచి తన సొంత అభిప్రాయం ఒక్కటీ రాయని చేత్తో, "ఖండన బాబాయ్‌కి రాజకీయాల్లో ఓనమాలు కూడా రావు. కౌన్సిల్ గురించీ ఆయనకేమీ తెలియదు" అని కొట్టి పంపించింది. జవాబు లేదు. ఆవిడ ఆయన గది వైపు చూసింది. కిటికీ మూసే ఉంది. "లిఫ్టులు కూడా సరిగ్గా బాగుచేసి ఉండడు" అని ఇంకోటి పంపి, వర్క్‌షాపు వైపు గబగబా నాలుగడుగులు వేసింది.

అంతలో చేతిలో ఫోను వణికింది. "అమ్మాయ్! నీలాంటిదాన్ని అడ్మిన్ చేసినవాడెవడు? ఇంకా పళ్లైనా తోముకోనివాడి మీద దొంగదెబ్బ తీస్తావా? మొదటి సంగతి..." అంటూ అది కిందికి, కిందికి, తెర పట్టనంతగా సాగిపోతోంది.

అడ్మిన్ మిగతాది చదవకుండానే ఫోను జేబులో పడేసుకుని, వెనక్కి తిరిగి హాయిగా షాపు తెరుచుకుంది.