అరమాత్రకు కారణం

చిక్కడపల్లిలో నా చిన్నప్పుడు, మేము కిరాయికి ఉన్న ఇంటి పక్క వాటాలో ఒక సిస్టరమ్మ ఉండేవారు. నారాయణగూడలోని ఒక ఆసుపత్రిలో నర్సు విద్యార్థినులకు పాఠాలు చెప్పేవారు. ఇస్త్రీ చెడని తెల్లచీర, తూచినట్లుండే మాట. ఆమె గుమ్మం ముందు చెప్పులు సైతం వరుస తప్పేవి కావు. క్రమం అనే మాటకు అర్థం నేను ఆమెను చూసి నేర్చుకున్నాను. ఆమెకు పొరపాటు సాధ్యమని ఆ వయసులో నాకు తోచలేదు.

మా తాతయ్య కోస్తా నుంచి వచ్చిన మనిషి. అచ్చుకూటంలో తెలుగు అక్షరాలు కూర్చే పనిలో కళ్ళు అరగదీసుకున్నారు. పని మానేనాటికి శుక్లాలు కమ్మాయి. అప్పటినుంచి ఆయనకు పత్రిక చదివి వినిపించడం నాయనమ్మ వంతు అయింది. ఆమె చదివితే అది వట్టి చదువు కాదు. మంత్రిగారి ప్రకటన వస్తే గొంతు మార్చి వెక్కిరించేది. ధరలు పెరిగాయన్న వార్త వస్తే, పెంచింది తాతయ్యే అయినట్లు మధ్యలో ఆగి నిలదీసేది. ఆ ఏడు ఉద్యమం వల్ల బడులు మూతపడడంతో నేనూ రోజూ కూర్చుని వినేదాన్ని.

ఆ గొంతు క్రమంగా బొంగురుపోయింది. మాట మందగించింది, ముఖం ఉబ్బింది. మండుటెండల్లో శాలువా కప్పుకుని, వాక్యం మధ్యలోనే నిద్రలోకి జారిపోయేది. పెద్దవయసు కదా అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నాం.

సరిపెట్టుకోనిది సిస్టరమ్మ ఒక్కరే. ఒక సాయంత్రం నాయనమ్మ అనుమతి అడిగి, ముగ్గురు విద్యార్థినులను వెంటబెట్టుకుని వచ్చారు. ఏం గమనించారో చెప్పమన్నారు.

"వయసు మీద పడ్డది కదా సిస్టర్, గట్లనే ఉంటది," అంది ఒక అమ్మాయి.

"వయసుకు ఎండలల్ల చలి పెడ్తదా? పోయినేడు ఎట్లుండెనో ఇంట్లోళ్ళను అడిగినవా?"

నాయనమ్మ కళ్ళు తెరవకుండానే, "పరీక్ష నాకనుకున్నాను, ఆ పిల్లకా? కాస్త చూసి మార్కులు వెయ్యి తల్లీ," అంది.

ఆసుపత్రిలో పరీక్షలు చేసి, థైరాయిడ్ గ్రంథి చతికిలబడిందని తేల్చారు. రోజుకు అరమాత్ర చొప్పున వేయమన్నారు. ఆ వారమే సిస్టరమ్మ విద్యార్థినులను మళ్ళీ తీసుకువచ్చి, నాయనమ్మ నాడి పట్టి చూపిస్తూ చాలాసేపు పాఠం చెప్పారు. వారి చదువు ఇంగ్లీషులో గనుక పాఠమూ ఇంగ్లీషులోనే సాగింది. మంచానికి అవతల కూర్చున్న తాతయ్యకు గానీ, నాకు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. వెళ్ళబోతూ ఆమె తాతయ్య వైపు తిరిగి, "పెద్దయ్యా, రోజుకు సగం గోలీ. పొద్దుగాల పరిగడుపున. గంతే," అన్నారు.

ఆయన బుద్ధిగా తలూపారు. చూపు ఆనకపోయినా, చాకుతో మాత్రను తడిమి తడిమి తానే విరిచేవారు. కొన్ని వారాలకు నాయనమ్మ శాలువా తీసేసింది. ఒకనాడు ఉన్నట్టుండి మంత్రిగారి గొంతు మళ్ళీ పలికింది. తాతయ్య కళ్ళ నీళ్ళు కారేంతగా నవ్వారు.

"సగంతోనే ఇంత తేరుకుంటే, పూర్తిగా వేస్తే పాత మనిషివి అయిపోతావు," అన్నారు ఆమెతో.

"పోనీలెండి, వేళ్ళు కోసుకునే బాధ మీకూ తప్పుతుంది," అంది నాయనమ్మ.

ఆ తర్వాత మా ఇంట్లో గడిచిన కొద్ది రోజులంత సంతోషమైన రోజులను నేను మరెన్నడూ ఎరగను. నాయనమ్మ తన నిండుగొంతుతో పత్రిక మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివింది. ఒక ఉదయం చదువుతూ చదువుతూ గుండె మీద చెయ్యి వేసుకుని, "కాస్త ఆగండి," అంది. పేజీ తిప్పుతోందనుకుని తాతయ్య ఎదురు చూశారు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన ఇంకా చెవి అటే ఒగ్గి ఉన్నారు.

కబురు విని సిస్టరమ్మ పరుగున వచ్చారు. మాత్ర విరవడం మానేసిన సంగతి తాతయ్యే ఆమెకు చెప్పి, "నేనే చంపుకున్నానా అమ్మా?" అని అడిగారు.

ఆమె ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. కాదని అబద్ధమాడలేదు. "ఒక్కసారిగ ఎక్కువిస్తే ముసలి గుండె ఓర్వదు పెద్దయ్యా. గందుకే సగం. మీ ముందటనే చెప్పిన, పిల్లలకు, ఇంగ్లీషుల. మీకు చెప్పలే."

"చెబితే వినేవాణ్ణమ్మా," అన్నారు తాతయ్య. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె భరించగలిగేవారేమో. మా ఇంటికి పత్రిక రావడం ఆ రోజుతో ఆగిపోయింది.

తర్వాతి కాలంలో నేనూ నర్సులకు పాఠాలు చెప్పే ఉద్యోగమే చేశాను. వృద్ధులకు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన ప్రతిసారీ, అంత తక్కువ ఎందుకో విద్యార్థిని ఇంటివారికి వారి భాషలో చెప్పాలి. వారు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అంతవరకూ ఆ అమ్మాయిని మంచం దగ్గర నుంచి కదలనిచ్చేదాన్ని కాదు. ఆలస్యమవుతోందని డాక్టర్లు విసుక్కునేవారు. ఇది చాదస్తమని విద్యార్థినులు వెనుక నవ్వుకునేవారు. నేనెవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. ఏ ముసలాయనో తడుముకుంటూ, "గుండె తట్టుకోలేదు, అందుకని సగమే," అని అప్పజెప్పినప్పుడు తలూపి, ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని. అది ఎంత చిన్న వాక్యమో ప్రతిసారీ కొత్తగా తెలిసివచ్చేది.