బండ మీద మూడు ముచ్చట్లు

ముందే ఒప్పుకుంటాను. పదకొండేళ్ల వయసులో, మా సుగుణ వదిన చెప్పిన మూడు ముచ్చట్లలో అబద్ధం ఏదో నేను సరిగ్గా పట్టుకున్నాను. పట్టుకుని ఊరుకోకుండా పదిమంది ముందు రుజువు కూడా చేశాను. అదే నా తప్పు.

మొన్న నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ కింద ఉన్న దుకాణంలో ఈ సంగతి మళ్లీ నా మీద పడింది. గింజలు తీసి, ఈనెలు తీసి, పలకలాగా నొక్కి కవరులో పెట్టిన చింతపండు పొట్లం చేతిలోకి తీసుకున్నాను. కవరు మూల చిరిగి ఉంది. అందులోంచి కొత్త పండు వాసన, పులుపూ తీపీ ఎండా కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నేను ఏ వరసలో నిలబడ్డానో, ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయాను. వెనక నిలబడ్డ పిల్ల "అంకుల్, కొంచెం జరుగుతారా" అన్నదాకా నాకు స్పృహ లేదు.

డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. ఇప్పుడా అద్దాల మేడలున్న చోటే మా ఊరు. ఊరంతా బండలే. ఏనుగుల మందలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, గుండ్ల మధ్య ఎక్కడ జానెడు మట్టి ఉంటే అక్కడ జొన్న, కంది. వానాకాలంలో బండల గుంతల్లో నిలిచిన నీళ్లలో మేము కప్పపిల్లలను పట్టేవాళ్లం; దీపావళి ముందు సీతాఫలాలు గడ్డిలో మాగేసి, తెల్లారక ముందే వేళ్లతో నొక్కి చూసేవాళ్లం; చలికాలం పొద్దుటిపూట ఎండ తగిలే గుండుకు వీపు ఆనించి, వేడి వేడి జొన్న రొట్టెను పచ్చికారంతో తినేవాళ్లం. శివరాత్రి దాటి ఎండ ముదిరాక గోటీలు, చిర్రగోనె ఆటలన్నీ మూలకు పడేవి. చింతపండు పని మొదలయ్యేది.

మా ఇంటికీ మా పెద్దనాయన ఇంటికీ వాకిలి ఒకటే. వాకిలి వెనక చదునైన పెద్ద నల్లబండ. పెద్దనాయన పోయాక ఆ ఇంటికీ, ఆ బండకూ పెద్ద దిక్కు మా నర్సమ్మ పెద్దమ్మే. పొద్దుగాల ఎండబెట్టిన చింతకాయలను నీడ మళ్లిన వేళ ఆడవాళ్లు చుట్టూ కూర్చుని చిన్న కట్టెసుత్తులతో కొట్టేవాళ్లు. పెంకు ఊడదీయాలి, ఈనెలు లాగాలి, పండు చీల్చి గింజ తీయాలి. వేళ్లు పగిలేవి, పగిలిన చోట పులుపు మండేది. ఎవరి కుప్ప వాళ్లదే, కుప్ప అయితే తప్ప లేచేది లేదు. ఆ విసుగు పోవడానికే మూడు ముచ్చట్ల ఆట.

ఆట ఇది. వంతు వచ్చిన మనిషి తన బతుకులో జరిగిన మూడు సంగతులు చెప్పాలి. రెండు నిజం, ఒకటి అబద్ధం. విన్నవాళ్లు తలా ఒక చింతగింజ తీసుకుని, అబద్ధమనుకున్న ముచ్చటకు గుర్తుగా పెట్టాలి: మొదటిదైతే ఎడమకు, రెండోదైతే నడుమ, మూడోదైతే కుడికి. తప్పినవాళ్లు చెప్పిన మనిషి కుప్పలోంచి దోసెడు కాయలు తమ కుప్పలో వేసుకోవాలి. కాబట్టి మంచిగా అబద్ధమాడగలిగిన మనిషి పొద్దు గుంకకముందే పని ముగించుకుని వంటకు పోయేది.

మా వీధి చివరి బాలవ్వ ఈ ఆటలో ఘనురాలు. ఒకసారి ఆమె చెప్పింది: గుండ్లల్ల చిరుతపులి ఎదురైతే చేటతోని కొట్టిన, మా ఆయన పెండ్లినాడు నన్ను జూసి ఏడ్చిండు, నేను ఇన్నేండ్లల్ల ఒక్కనాడు సుత కల్లు ముట్టలే. అందరూ పులి దగ్గర గింజలు పెట్టారు. బాలవ్వ బోసినోటితో నవ్వి, "కల్లు ముట్టకుంటే పులిని చేటతోని ఎట్ల కొడుతనే" అంది. ఆ రోజు ఆమె కుప్ప ఒక్క ముచ్చటతోనే ఖాళీ అయింది.

మగపిల్లల్లో ఆ బండ మీద కూర్చోనిచ్చేది నన్నొక్కణ్నే, ఎందుకంటే నేను తప్పేవాణ్ని కాదు. నా కిటుకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నేను మొహాలు చూసేవాణ్ని కాదు, చేతులు చూసేవాణ్ని. నిజం చెప్పేటప్పుడు మనిషి చేతులు పని ఆపవు. అబద్ధం అల్లేటప్పుడు గింజ మీద వేలు ఒక్క క్షణం నిలుస్తుంది. ఆ ఏడు వరసగా ఎనిమిది రోజులు గెలిచాను. ఆడవాళ్లు నన్ను "జడ్జి సాబ్" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నా నెత్తికెక్కింది.

సుగుణ వదిన పెద్దమ్మ చిన్న కొడుకు మల్లేశం అన్న భార్య. బాచుపల్లి పిల్ల, కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. ఆమె కథ తెలియాలంటే పెద్ద కోడలి కథ చెప్పాలి. ఆ పెద్దకోడలికి చదువొచ్చు. అత్త తిట్టిందని పుట్టింటికి జాబు రాస్తే, అన్నదమ్ములు వచ్చి పంచాయితీ పెట్టి, పెద్దమ్మను నలుగురిలో నిలబెట్టారు. అది కాగానే పెద్దకొడుకు కిష్టన్న భార్యను తీసుకుని బాలానగర్ వెళ్లిపోయి ఫ్యాక్టరీలో చేరాడు. ఆనాడే పెద్దమ్మ ఒట్టు పెట్టుకుంది: "ఇగ అక్షరం ముక్క రాని పిల్లనే తెస్త." అలా వెతికి వెతికి తెచ్చిన పిల్ల సుగుణ వదిన.

వదిన ఆటలో ఎప్పుడూ తప్పించుకునేది. ఆ రోజు బాలవ్వ వదల్లేదు. "ఏంది పిల్లా, నీ బతుకుల మూడు ముచ్చట్లు సుత లేవా?"

వదిన తల వంచుకునే చెప్పింది. "చిన్నప్పుడు బాయిల పడ్డ, బొక్కెన పట్టుకుంటే గుంజిన్రు. పట్నంల రెండంతస్తుల బస్సెక్కి, పైన కూసొని చార్మినార్ దాకా పోయిన. ఐదో తరగతి దాకా చదివిన, పద్యాలు అప్పజెప్పి ఇనాం తెచ్చుకున్న."

గింజలన్నీ ఒక్కటొక్కటిగా కుడివైపు చేరాయి. పెద్దమ్మ అందరికంటే ముందు పెట్టి, "గిది ఆటేనా? మా కోడలికి అఆలు సుత రావని ఊరందరికెరుక" అని నవ్వింది. నేను మాత్రం చూశాను. చదువు సంగతి చెప్పేటప్పుడు వదిన చేతులు పాట పాడుతున్నట్టు ఆడాయి. బస్సు దగ్గర వేలు ఆగింది. నా గింజను నడుమ పెట్టాను.

వదిన నా గింజను చూసింది, తర్వాత నన్ను చూసింది. "మూడోదే అబద్ధం" అంది.

ఆ చూపు నన్ను బతిమాలుతోందని నాకు తెలుసు. అయినా అందరూ గొల్లుమని నవ్వి, "జడ్జి సాబు ఉద్యోగం పాయె" అంటుంటే నాకు చెవులు మండాయి. ఇంట్లోకి పరుగెత్తి సుద్దముక్క తెచ్చాను. ఆ పొద్దున్నే కాయల కుప్పలోంచి రెండు తేళ్లు బయటపడ్డాయి. వదిన ఎదురుగా బండ మీద పెద్ద అక్షరాలతో రాశాను: నీ కొంగు మీద తేలు.

అక్కడున్న ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. వదిన కెవ్వుమని లేచి కొంగు దులుపుకుంది.

"కొంగు మీద తేలని రాసిన. చూసిన్రా, చదివింది" అన్నాను నేను.

పెద్దమ్మ సుత్తి కింద పెట్టి, గొంతు పెంచకుండానే, "అబద్ధమాడి పిల్లనిచ్చిన్రు" అంది. మర్నాడు పొద్దున మల్లేశం అన్న తల్లిమాటకు ఎదురు చెప్పలేక వదినను బండిలో బాచుపల్లికి తీసుకుపోయాడు. వదిన ఒక్కసారైనా పైకి చెప్పుకుంటే చాలనుకుంది కాబోలు తన చదువును, అదీ అబద్ధం మాటున. ఆ మాటును నేను లాగేశాను. ఆమె మళ్లీ ఈ గడప తొక్కదని మా అమ్మ వంటింట్లో అనడం విన్నాను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, మొదటిదానికంటే పెద్దది. బాలానగర్ నుంచి కిష్టన్న రెండు మూడు నెలలకొకసారి పోస్టుకార్డు రాసేవాడు. ఇంటి గుట్టు పరాయివాళ్లకు తెలియకూడదని పెద్దమ్మ వాటిని నాతోనే చదివించుకునేది. కిష్టన్న రాత చీమల బారులా ఉండేది, బయట నా జతగాళ్లు గోటీలతో ఎదురుచూస్తుండేవాళ్లు. పైన రెండు వరసలు, కింద ఒక వరస చదివి, "అందరు మంచిగున్నరట" అనేవాణ్ని. "గింతేనా?" అనేది పెద్దమ్మ. "గింతే" అనేవాణ్ని. "రెండు మాటలకు కార్డెందుకు ఖరాబు చేస్తడు" అని గొణుక్కుంటూ దాన్ని దూలానికి వేలాడే తీగకు గుచ్చేది. కన్నకొడుకు మనసు గడ్డకట్టడానికి కారణం చదువుకున్న కోడలేనని ఆమె పగ మరింత పెరిగేది.

వదిన వెళ్లిన పదో రోజున కొత్త కార్డు వచ్చింది. గుమ్మంలో నిలబడి మొదటిసారి మొత్తం చదివాను. చదివి, తీగ మీది కార్డులన్నీ దింపి చదివాను. అప్పుడు పెద్దమ్మ ఎదుట నిలబడి, ఇన్నాళ్లూ నేను చేసిందీ, కార్డుల్లో చదవకుండా వదిలేసిందీ చెప్పాను.

కొడుతుందనుకున్నాను. ఆమె గడప మీద కూలబడింది. "అంటే నాకు మనుమరాలున్నదా?"

"ఉన్నది పెద్దమ్మా. చదువుతా, విను."

కార్డులు నా చేతిలోంచి లాక్కుంది. "నువ్వు చదువకు. నీ నోటి మీద నాకింక నమ్మకం లేదు." లోపలికి చూసి కేకేసింది. "మల్లేశం, బండి కట్టు. బాచుపల్లి పోదాం." నన్ను కూడా ఎక్కమంది, తప్పు చేసినవాడు ఎదురుగా ఉండాలంది.

బాచుపల్లిలో వదిన నాయన చేతులు జోడించి ఎదురొచ్చాడు. "అక్కా, పిల్ల పెండ్లి కావాలెనని దాచినం."

"నీ సంగతి తర్వాత. పిల్లను పిలువు."

వదిన వచ్చింది, మనిషి సగమైంది. పెద్దమ్మ కార్డులు ఆమె ఒళ్లో పెట్టి, "ఒక్క మాట సుత ఇడువకుండ చదువు" అంది. వదిన తారీకులు చూసి వరసగా పేర్చి, మొదలుపెట్టింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది, పద్యం అప్పజెప్పే పిల్ల గొంతు. అమ్మా, తప్పు మాదే. అమ్మా, ఆడపిల్ల పుట్టింది, నీ పేరే పెట్టినం. అమ్మా, చిన్న నర్సమ్మ బోర్ల పడ్డది. అమ్మా, గోడ పట్టుకొని నడుస్తున్నది. ఉగాదికన్న రా అమ్మా. ఒక్కో కార్డుకూ ఆ పిల్ల మా కళ్ల ముందు పెరిగింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "మళ్ల చదువు" అంది. మూడోసారి కూడా చదివించుకుంది.

తర్వాత లేచి కొంగు నడుముకు దోపుకుంది. "చీర మార్చుకో బిడ్డా. ఇటు నుంచి ఇటే బాలానగర్ పోవాలె. వీని చదువును నమ్మ, నాకా బస్సు పేరు చదువరాదు, నీకు బస్సుల సంగతి తెలుసు గద."

వదిన నేల చూపులు చూసింది. "అత్తమ్మా, నేను బస్సు ఎన్నడు ఎక్కలే. మూడిట్ల అబద్ధం గదే."

ముందు నవ్వింది వదిన నాయన. ఆ తర్వాత పెద్దమ్మ, ఇంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియనంత గట్టిగా. బండి మల్లేశం అన్న తోలుకుపోయాడు. మేము ముగ్గురం బస్సెక్కి, బోర్డులు వదిన చదువుతుంటే, ఫ్యాక్టరీ కూత వినబడే ఆ ఇరుకు గదిలోకి అడుగుపెట్టాము. పెద్దకోడలు కాళ్లకు దండం పెట్టబోతే పెద్దమ్మ పిల్లను ఎత్తుకుని, "చేతులు ఖాళీ లేవు, లే" అంది. ఆ ఉగాది పచ్చడి మా ఊళ్లో అందరం కలిసి తిన్నాం. భక్షాలు తిన్న చిన్న నర్సమ్మ మొహమంతా బెల్లమే.

వదిన చదువును పెద్దమ్మ ఆ తర్వాత ఊరంతా చాటింది. "మా కోడలు ఐదు చదివింది, పద్యాలకు ఇనాం తెచ్చింది" అని తెలియనివాళ్లను ఆపి మరీ చెప్పేది. నేను ఏడో తరగతి పుస్తకాలను ఏ పేజీ చింపకుండా చదివి వదినకిచ్చాను. రెండేళ్ల తర్వాత ఆమె ప్రైవేటుగా ఆ పరీక్ష రాసింది. ఆమె రాసిన ఏడాదే నేను పై తరగతిలో లెక్కలు తప్పాను. పెద్దమ్మ ఊరందరికీ బెల్లం పంచి, నాకు మాత్రం రెండు ముక్కలిచ్చింది, ఒకటి ఓదార్పుకు. వదిన మా ఊరి బాలవాడిలో చాలా ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించింది.

ఇప్పుడు ఆ నల్లబండ లేదు. తూటాలు పెట్టి పగలగొట్టి, ఆ చోట అద్దాల మేడ కట్టారు. దాని అద్దాల్లో మబ్బులు కనబడతాయి. పెద్దమ్మ పోయింది, సీతాఫలాలు మాగేసిన ఇల్లు పోయింది. షేర్ ఆటోల మధ్య నిలబడి, ఆ పాత చోటు ఇదేనా అని కొలుచుకుంటే లెక్క కుదరదు. కార్డు రాసే మనిషీ లేడు, మోసే మనిషీ లేడు.

ఆ ఉగాది తర్వాత కూడా బాలానగర్ నుంచి కార్డులు వచ్చినన్నాళ్లూ మాత్రం నేను చేసిన పని ఒకటుంది. బడి నుంచి వచ్చే దారిలో పోస్టాయన కిష్టన్న కార్డు నా చేతికిచ్చేవాడు. అది తెరిచి ఉన్న రాత, ఒక్క చూపు చాలు. చిన్న నర్సమ్మ ఏం చేసిందో తెలుసుకోవాలని నాకూ ప్రాణం కొట్టుకునేది. రాత ఉన్న వైపు ఛాతీకి ఆనించుకుని, ఎదురుగా ఉన్న గుండ్ల వైపే చూస్తూ నడిచేవాణ్ని. వదిన రొట్టెలు చేస్తుంటే చేతులు కడుక్కునేదాకా నిలబడి, కార్డు ఆమె చేతిలో పెట్టి, పెద్దమ్మ పక్కన కూర్చుని, చివరి మాట దాకా వినేవాణ్ని.