ఈగలకు నచ్చిన నీలం

"నీలం వేసుకోలేదు కదా?"

"లేదు వదినా. గోధుమరంగే."

"అయితే వెళ్లు. ఈగలు నీ జోలికి రావు."

మా ప్రభావతి వదినా నేనూ ఆఖరుసారి అనుకున్న మాటలు ఇవే. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఆస్పత్రి మంచం మీద ఆవిడ, గుమ్మంలో ఖాళీ క్యారేజీతో నేను. చారన్నం తెస్తానని ఇంటికి బయల్దేరాను. తిరిగొచ్చేసరికి ఆవిడ లేదు. పోయే ముందు మనుషులు దేవుడి గురించో పిల్లల గురించో మాట్లాడతారంటారు. మా వదిన ఈగల గురించి మాట్లాడి, నవ్వి, నన్ను పంపేసింది. ఆ నవ్వు వెనక నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. పదకొండు మంది మనుషుల్ని ఆఫ్రికా అడవిలో ఈగలకు పెళ్లిభోజనంలా వడ్డించబోయాను. ముక్కు చీదుకునే పని లేదు. నవ్వుకోవడానికే చెబుతున్నాను, నవ్వండి.

ప్రభావతి వదిన మా ఆయనకు అక్క. అక్కడే ఒక కార్ల కంపెనీలో ప్లానింగ్ పని చేసి రిటైరైంది. ఏ బోల్టు ఏ గంటకు ఎవరి చేతికి అందాలో ముప్పై ఏళ్లు చూసుకున్న బుర్ర అది. రిటైరయ్యాక ఆ బుర్రకు పని లేక మా మీద పడింది. మేమంటే, చలికాలం మాల్‌లో కలిసి నడిచే పదకొండు మంది తెలుగువాళ్లం. ఆరుగురు ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఆవిడ ఆగి, "ఎన్నాళ్లర్రా ఈ చెప్పుల షాపుల చుట్టూ తిరగడం? పదండి, సింహాల చుట్టూ తిరుగుదాం" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. మాకు అప్పుడే భయం వేయాల్సింది.

ఆ ప్లాను చూసి తీరాలి. టాంజానియాలో అరుషా అనే ఊళ్లో జీపులు నడిపే కంపెనీ ఆయనకు పొద్దున్నే ఫోన్ చేసేది. జీపు పైకప్పు లేస్తుందా, ఆరుగురూ ఒకేసారి నిలబడొచ్చా, పొట్టివాళ్లకు పీట ఉంటుందా. ఆ పీట నా కోసం. అడగకుండానే నా ఎత్తు గుర్తు పెట్టుకుంది మహాతల్లి. ఏ నెలలో మందలు ఏ నది దగ్గర ఉంటాయో, పైకప్పు కింద ముందు సీటు ఏ రోజు ఎవరిదో, ఉల్లిపాయ తినని వాళ్లు ఏ జీపులో కూర్చోవాలో, అన్నీ గళ్లు గీసి పెట్టింది. చిన్న విమానంలో గట్టి సూట్‌కేసులు ఎక్కించరని అందరి చేతా మెత్తటి సంచులు కొనిపించింది. అక్కడ ప్లాస్టిక్ కవర్లు నిషేధమని తెలిసి, నేను నాలుగేసి కవర్లలో చుట్టిన ఆవకాయను విప్పించి స్టీలు డబ్బాలో పెట్టించింది. కవరు లేకుండా ప్రయాణం చేసిన మొదటి తెలుగు ఆవకాయ మాదేనేమో!

అక్కడితో ఊరుకుందా? రిహార్సల్ కూడా పెట్టింది. ఆవిడ ఇంటి వెనక గడ్డిలోకి సాయంత్రం పూట జింకలొస్తాయి. మినీవ్యాన్‌ను అటు తిప్పి నిలిపి మమ్మల్ని అందులో కుక్కింది.

"జింక వచ్చేదాకా ఎవరూ మాట్లాడకూడదు. వచ్చాక అసలే మాట్లాడకూడదు."

జింక వచ్చింది.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉందో!" అంది అనసూయగారు.

"అనసూయా, నిన్ను సింహం తినేసింది. దిగు."

"అది జింక కదండీ?"

"ఇక్కడ జింక. అక్కడ సింహం. దిగు."

ఆవిడ భర్త నవ్వాపుకోలేక చిప్స్ పొట్లం నలిపాడు.

"మిమ్మల్ని కూడా తినేసింది. ఇద్దరూ దిగండి."

అనసూయగారు ఎవరో చెప్పలేదు కదూ. మా గుంపులో ఆవిడ పేపరు లాంటిది. ఆవిడ చెవిన పడింది భోజనాల వేళకు డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగిళ్లన్నిటికీ చేరుతుంది. మనసు మంచిదే, నోరే ఆగదు.

ఇక అసలు సంగతి. "రత్నం, బట్టల పని నీది" అంది వదిన. ట్రాయ్‌లో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు కుట్టింది నేనే. అందుకని అప్పగించింది. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. మిషను ముందు నుంచి లేవకుండా కూర్చున్న దాన్ని ఈ గుంపులోకి లాగిందీ ఆవిడే. పదిమందిలో నాకంటూ ఒక పని ఇచ్చేసరికి ఛాతీ ఇంత అయింది. "నీ ఫోన్‌కి షీట్ పంపించాను, రూల్సన్నీ అందులో ఉన్నాయి, చదువుకో" అంది. నేను తలూపాను.

ఇక్కడే మీకో రహస్యం చెప్పాలి. నాకు చదువు రాదు. టేపు మీద అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతే. మిగతాదంతా మా ఆయన చదివి పెట్టేవాడు. కరెంటు బిల్లు, మందు సీసా, పెళ్లిపత్రిక, చివరికి షాంపూ బుడ్డి కూడా. "మా రత్నం ఏడో క్లాసు" అని అందరికీ చెప్పుకున్నాడు, సొంత అక్కకు కూడా. ఆయన పోయాక నేను కళ్లద్దాలు మర్చిపోవడం మొదలుపెట్టాను. ఏ కాగితం చేతికిచ్చినా ఆ రోజు అద్దాలు ఇంట్లోనే ఉండేవి. చదువు రాదని తెలిస్తే నన్ను చూసి కాదు, ఇన్నేళ్లు అబద్ధమాడిన ఆయన్ను చూసి నవ్వుతారని నా భయం. నవ్వినా నవ్వకపోయినా, ఆ గుంపులో మళ్లీ తలెత్తుకుని నడవలేనని అంతకన్నా పెద్ద భయం.

షీట్ తెరిచాను. అక్షరాలు చీమలబారులా ఉన్నాయి. వాటి మధ్య రెండు వరుసల రంగు గళ్లున్నాయి. పై వరుసలో బురద, ఎండుగడ్డి, ఏనుగు పేడ. కింది వరుసలో నిండు నీలం, నిగనిగలాడే నలుపు. మీరే చెప్పండి. పదకొండు మంది ముస్తాబై పరదేశం పోతుంటే ఏది కట్టుకోమంటారు, ఏది వద్దంటారు? ఏనుగు పేడ రంగు కట్టుకుని ఏనుగు దగ్గరకు పోతే ఏం గౌరవం? నీలం వేసుకోమని, బురద రంగు వద్దని రాసి ఉంటారని ఖాయం చేసుకున్నాను. చూశారా, చదువు రాకపోయినా ఎంత తెలివో!

ఆ వారమే న్యూజెర్సీలో మా చెల్లెలి కూతురు శిరీష ఇంటికి వచ్చాను. ఇప్పుడు ఇది రాస్తున్న పిల్ల అదే. మనవాళ్ల బట్టల కొట్లుండే ఐసెలిన్ తీసుకెళ్లమన్నాను. పాపం, తీసుకొచ్చింది. కానీ ఆఫీస్ కాల్ అని కారులోనే కూర్చుంది. (నిజమే కదే! తప్పంతా నాదేనని రాయి, కానీ కారులో కూర్చున్నావని కూడా రాయి.) నేనొక్కదాన్నే కొట్టులోకి వెళ్లాను. ఒక తెలుగు పిల్ల ఎదురొచ్చింది.

"ఏ ఫంక్షన్‌కి ఆంటీ?"

"సింహాల్ని చూడ్డానికమ్మా."

"ఓ, జంగిల్ థీమ్ బర్త్‌డేనా? గోల్డ్ తీసుకోండి, ఫోటోల్లో సూపర్ ఉంటది."

"బంగారం వద్దు. పదకొండు మందికి నీలం కావాలి. అడవిలో దూరం నుంచి కనపడాలి."

"ఎవరికి కనపడాలి ఆంటీ?"

నిజానికి తెలివైన ప్రశ్న. నేను పట్టించుకోలేదు. నీలం తానులు ఒక్కొక్కటే పరిపించి, వెలుతురులోకి పట్టుకెళ్లి చూసి, పావుగంటలో ఒకటి తేల్చాను. అలాంటి నీలం మీరు చూసి ఉండరు. సాయంత్రం ఆకాశం మీద సిరా ఒలికినట్టుంటుంది.

ఆరు వారాలు మిషను ఊపిరి పీల్చుకోలేదు. ఆరు కుర్తాలు, ఐదు చొక్కాలు. షీట్‌లో నలుపు కూడా ఉంది కదా, దాన్ని మాత్రం ఎందుకు చిన్నబుచ్చాలని అంచులన్నిటికీ నల్ల పైపింగ్ వేశాను. జేబు మీద తొండమెత్తిన ఏనుగును కూడా కుట్టాను. తప్పు చేసినా సగం సగం చేసే అలవాటు మా ఇంటా వంటా లేదు.

ప్రయాణం పది రోజులుందనగా వదిన ఇంట్లో అందరికీ పంచాను. ఆవిడ వంటింట్లో ఉప్మా కలుపుతోంది. హాల్లో ఒకటే సందడి.

"కరెక్ట్ ఫిట్టింగ్ రత్నంగారూ!"

"పదకొండు మందీ ఒకే నీలం. ఎయిర్‌హోస్టెస్‌లమనుకుంటారు!"

ఫోటోకి వరుసగా నిలబడ్డాం. వదిన గరిటెతో బయటికొచ్చి మమ్మల్ని చూసింది. గరిటె నుంచి ఉప్మా ముద్ద కార్పెట్ మీద పడింది. ఆవిడ చేతి నుంచి ఏదైనా జారడం నేను చూడ్డం అదే మొదలు.

ఆవిడ నోరు తెరిచేలోపే అనసూయగారు ఫోన్ తీసింది. "ఉండండి, నాకేదో గుర్తొస్తోంది..." అని గట్టిగా చదవడం మొదలెట్టింది. "నీలం, నలుపు వేసుకోరాదు. ఆ రంగులకు ట్సెట్సీ ఈగలు వెతుక్కుంటూ వస్తాయి. బట్ట మీంచి కూడా సూదిలా కుడతాయి. ఖాకీ, గోధుమరంగు, ఆకుపచ్చ మాత్రమే." తలెత్తి నన్ను చూసింది. "రత్నంగారూ, షీట్ చదవలేదా?"

"చదివానండీ."

"చదివి నీలం కొన్నారా? పైగా నల్ల పైపింగా? ఇదిగో, ఇక్కడ ఏం రాసుందో మీరే చదివి చెప్పండి" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

పదిమంది కళ్లు నా మీదే. అద్దాలు మర్చిపోయానందామంటే మెడలో గొలుసుకు వేలాడుతున్నాయి. ఫోటో కోసం అలంకారంగా తగిలించుకున్నాను! ఆ క్షణాన నిజంగా సింహమే వచ్చి ఉంటే ఎదురెళ్లి దణ్ణం పెట్టేదాన్ని.

"దాన్ని అంటావేం అనసూయా? తప్పు నాది" అంది వదిన. "ముందు నీలమే అనుకున్నాను. రత్నానికి ఫోన్‌లో నేనే నీలం కొనమని చెప్పాను. తర్వాత రూల్ చూసి షీట్ మార్చాను, దానికి చెప్పడం మర్చిపోయాను."

ప్రభావతి మర్చిపోయిందా! సూర్యుడు ఈ పూట రావడం మర్చిపోయాడన్నా నమ్మేవాళ్లేమో కానీ, ఇది ఎవరికీ మింగుడు పడలేదు. అనసూయగారు వెళ్లి ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఒక్క పొరపాటు ఎరగని మనిషి, ఎన్నేళ్ల పేరునో నా కోసం గరిటెతో తీసి పడేసినట్టు పడేసింది.

ఆ తర్వాత నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఎన్నాళ్ల నుంచే?"

"పుట్టినప్పటి నుంచీ వదినా."

"ఏడో క్లాసన్నాడే మా వాడు?"

"నాకు చిన్నతనం కాకూడదని అన్నాడు."

ఆవిడ స్టౌ కట్టేసింది. తిడుతుందనుకున్నాను.

"ముప్పై ఏళ్లు నాకే అబద్ధం చెప్పాడా? చిన్నప్పుడు బెల్లం ముక్క తిన్నా మొహంలో దొరికిపోయేవాడు వెధవ. నీ కోసం ఎంత బాగా నేర్చుకున్నాడే!" అంది. కళ్లు తుడుచుకుని, వెంటనే, "సరే, పది రోజులున్నాయి. ఎంత బట్ట కావాలి?"

మర్నాడు ఆవిడ గ్యారేజ్ ఫ్యాక్టరీ అయింది. కార్లు బయట, మనుషులు లోపల. కత్తిరింపు నాది, గుండీలు అనసూయగారివి, ఇస్త్రీ ఆవిడ భర్తది, నీలం చొక్కాల జేబుల మీంచి ఏనుగుల్ని ఊడదీసి ఖాకీ మీద అతికించడం మిగతావాళ్లది. "ఏనుగులేం తప్పు చేశాయి? వాటిని రానివ్వండి" అంది వదిన. విజిల్ ఊదితే టీ, ఇంకోసారి ఊదితే పని. ఏడో రోజుకల్లా పదకొండూ తయారు.

ఆ వారంలోనే గుంపుకు ఇంకో ఆర్డరు వేసింది. "నా బొటనవేలు నొప్పి. టైప్ చేయలేను. ఇకనుంచి అన్నీ వాయిస్ మెసేజ్‌లే, మీరూ వాయిస్‌లోనే జవాబివ్వాలి." అందరూ అయ్యో అన్నారు. నొప్పి అన్న ఆ బొటనవేలితోనే అదే సాయంత్రం ఆవిడ పది కాజాలు కుట్టడం నేను చూశాను. ఆ రోజు నుంచి ఏ రూలూ నా చేతిలో చీమలబారు కాలేదు. నా చెవిలో మాటగా వచ్చింది. ఎందుకు మార్చిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వెళ్లాం. సింహాల్ని చూశాం, పీట ఎక్కి చూశాను. ఆవిడ గీసిన గళ్లలో ఒక్కటీ తప్పలేదు. నదీ అక్కడే ఉంది, మందలూ అక్కడే ఉన్నాయి. మూడో రోజు చెట్ల మధ్య నుంచి పోతుంటే అనసూయగారు రూలు మర్చిపోయి అరిచింది.

"రత్నంగారూ, మన కుర్తా!"

చూస్తే నిజమే. చెట్టు కొమ్మకు ఒక గుడ్డ వేలాడుతోంది. అదే నీలం. అంచుకు నలుపు కూడా! ఆ పక్క చెట్టుకు ఇంకొకటి, ఆ పైన ఇంకొకటి. నేను జీపులో సీటు కిందికి జారాను. మా డ్రైవరు ఇమ్మాన్యుయేల్‌ను వదిన అడిగింది, అవేమిటని. ఈగల కోసం పెట్టిన ఉచ్చులట. ఈగలు అన్నిటికన్నా ఏ రంగు మీద ఎక్కువ వాలతాయో పెద్ద పెద్ద చదువులవాళ్లు ఏళ్ల తరబడి పరీక్ష చేసి, చివరికి సరిగ్గా ఈ నీలం, ఈ నలుపు తేల్చారట.

జీపంతా నా వైపు తిరిగింది. వదిన లేచి నిలబడి, పైకప్పు పట్టుకుని, సభలో మాట్లాడినట్టు చెప్పింది.

"విన్నారు కదా? అంత చదువుకున్నవాళ్లకు ఏళ్లు పట్టింది. మా రత్నం ఐసెలిన్‌లో పావుగంటలో తేల్చింది!"

ఆ నవ్వులకు ఎదురుగా ఉన్న జిరాఫీ మేత ఆపి చూసింది. ఆ రోజు మా జీపులో అందరినీ సింహం తినేసినట్టే లెక్క.

కాబట్టి సభాముఖంగా, అడవిలో ఉన్న సమస్త జంతుజాలం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చదవని కాగితానికి ఈ జన్మలో తలూపను. నల్ల పైపింగ్ ముట్టుకోను. రాని చదువును కళ్లద్దాల వెనక దాచను. "నాకు రాదు, మీరు చదవండి" అని ముఖం మీదే అడుగుతాను, చదివి చెప్పేదాకా వదలను. అనసూయగారూ, ఇది ముందు మీ కంటనే పడుతుందని నాకు తెలుసు. ఊరంతా చెప్పుకోండి, ఈసారి నేనే చెప్పమంటున్నాను. ఆ రోజు తప్పు ప్రభావతి వదినది కాదు. ఆవిడ ఏనాడూ ఏదీ మర్చిపోలేదు.

అయిందే శిరీషా? ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. నాకు చదువు రాదన్న చోట గొంతు తగ్గించకు, గట్టిగా చదువు.