‘కడుపులో ఉన్నప్పుడే సోకింది’ అన్న మాట

లాక్‌డౌన్‌లు ముగిసి షూటింగులు మళ్లీ మొదలైన మరుసటి ఏడాది. జూబ్లీ హిల్స్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో నేను రేడియాలజిస్ట్‌ని. ఎనిమిది నెలల పాపకు సీటీ స్కాన్ తీశారు. ఉలిక్కిపడ్డట్టు ముందుకు వంగి బిగుసుకుపోతోందట. తల్లి సరిత ఫిల్మ్ నగర్‌లో కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేస్తుంది. తండ్రి రమేశ్ కారు డ్రైవరు.

మెదడు లోపల నీరుండే గదుల్ని వెంట్రికిల్స్ అంటాం. వాటి అంచుల్లో తెల్లటి సున్నపు చుక్కలు కనిపించాయి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వైరస్ సోకినా అలాంటివి వస్తాయి. రిపోర్టులో అదే రాశాను. అంతటితో ఆగినా బాగుండేది.

"ఏమైంది మేడమ్, పాపకు?" సరిత తలుపు దగ్గర నిలబడి అడిగింది.

"కడుపులో ఉన్నప్పుడే సోకింది. నీకేదో ఇన్‌ఫెక్షన్ వచ్చుంటుంది" అన్నాను, ఆమె వైపు తిరగకుండానే.

వెనకున్న అత్తగారు అందుకుంది. "చెప్తే ఇన్నదా? ఏడో నెల దాంక షూటింగులని తిరిగింది."

నాలుగు నెలలైనా ఫిట్స్ తగ్గలేదు. పిల్లల న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐకి పంపారు. చీటీలో ‘ఒంటి మీద తెల్లమచ్చలు’ అని రాసి ఉంది. మెదడు పైపొరలో ట్యూబర్స్ అనే గట్టిపడ్డ భాగాలు స్పష్టంగా కనిపించాయి. అది ట్యూబరస్ స్క్లెరోసిస్, జన్యులోపం వల్ల చర్మంలోనూ మెదడులోనూ బయటపడే జబ్బు. పాత సీటీ తెరిచాను. ఆ చుక్కలు గదుల్లోకి పొడుచుకొచ్చి ఉన్నాయి; వైరస్ వల్లయితే అలా ఉండవు. ఆ రోజే అనుమానించాల్సింది.

ఈసారి లేచి బయటికి వెళ్లాను. రమేశ్ పాపను ఎత్తుకుని కూర్చున్నాడు. అతని ముక్కు పక్కల, బుగ్గల మీద ఎర్రటి చిన్న పొక్కులు. అవి మొటిమలు కావు. ఈ జబ్బు గుర్తులే; పాపకు వచ్చింది అతని నుంచే.

"ఇవి ఎప్పటినుంచి?"

"చిన్నప్పటి సంది ఉన్నయ్ మేడమ్."

"సరిత రాలేదా?"

అతను తల దించుకున్నాడు. "నీ వల్లనే పిల్ల గిట్లయిందని మా అమ్మ రోజూ అంటుండె. మోతీనగర్ల వాళ్లమ్మ ఇంటికి పోయింది. పాపను మా అమ్మ పంపలే."

సరితనూ అత్తగారినీ రమ్మన్నాను. అత్తగారి ఎదుటే సరితకు చెప్పాను: "ఇన్‌ఫెక్షన్ కాదమ్మా. తప్పు చెప్పింది నేను. నీవల్ల ఏమీ జరగలేదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సరిత ఏడవలేదు. "నేను గూడ నమ్మిన మేడమ్. నా పాపను ముట్టాలంటేనే భయపడ్డ" అంది.

సరిత ఇంటికి తిరిగి వెళ్లింది. సరైన మందుతో ఫిట్స్ తగ్గాయి. కానీ పాపకు నడక, మాట బాగా ఆలస్యమయ్యాయి. అందులో నా నాలుగు నెలల వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. రిపోర్టును సరిదిద్దాను. సరిత ముఖం చూడటానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.

పసిపిల్లల స్కాన్ చదివే ముందు ఇప్పుడు బయటికెళ్లి పిల్లనూ తల్లిదండ్రులనూ చూసి వస్తాను. తెలియనప్పుడు తెలియదంటాను. ఆ రోజు సరితకు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే చాలు, బిడ్డకు తల్లి దూరమయ్యేది కాదు.