ఇత్తడి పళ్లెం: బాల్‌సింగ్

నేను అయిదో తరగతి దాకనే చదివిన. అయినా మిర్చీల పొట్లం కాగితం కూడా చదవకుండ పారెయ్య. అందుకే శ్రీపాల్ పాటల సీడీ చేతికి రాంగనే అట్ట తిప్పి చూసిన. శ్రీపాల్ మా కేసముద్రమోడే, మా వాడకట్టోడే. సకల జనుల సమ్మె మొదలైన కాడి నుంచి గజ్జెలు విప్పకుండ ఊరూరు తిరిగి పాడుతున్నడు. అట్ట మీద సన్న అక్షరాలున్నయి. పాట: శ్రీపాల్. డప్పు: భద్రయ్య. ఇత్తడి పళ్లెం: బాల్‌సింగ్.

తాగుతున్న చాయ పక్కకు పెట్టి మళ్ల చదివిన. బాల్‌సింగ్ అంటే మా చేన్లకు పనికొచ్చే బుచ్చి పెనిమిటి. తండాల ఆడోళ్లు ఆడుతుంటే పళ్లెం వాయించేటోడు. ఆయన పోయి రెండేండ్లాయె, నేనే పోయి చూసొచ్చిన. గా మనిషి నెల కింద మానుకోటల రికార్డు చేసిన పాటకు ఎట్ల వాయించిండు?

ఇగ నాకు బువ్వ దిగుతదా? పోయి శ్రీపాల్‌ను దొరకబట్టిన.

"ఏందిర, పోయినోళ్లను గూడ సమ్మెల కూసోవెడుతున్నవా?"

"నీకు ఏది చూసినా పరేషానే పెద్దమ్మా" అని నవ్విండు. "పళ్లెం వాయించింది ఆడమనిషి. రైలు పట్టాల మీద వంటావార్పు చేసిన నాడు గంటెతోని పళ్లెం మోగిస్తుంటే విని తోల్కపోయిన. అందరం అక్కా, అక్కా అన్నం."

"పేరు అడగలే?"

శ్రీపాల్ తల గోక్కున్నడు. ఆమె ఆటో అందదని పళ్లెం ఆడనే మరిచి ఉరికిందట, మూడో నాడు వచ్చి తీస్కపోయిందట. అట్ట రాసినాయన పాట నాడు లేడట. పాట తెల్లారి వచ్చి ఆడున్న సామాన్ల మీద ఎవరి పేరుంటే వాళ్ల పేరు రాసుకున్నడట. డప్పు మీద భద్రయ్య పేరు, పళ్లెం మీద బాల్‌సింగ్ పేరు! మన ఇండ్లల్ల చెంబు కొన్నా గిన్నె కొన్నా పేరు కొట్టియ్యకుండ తెస్తమా? గట్లయితే నేను బిందె మోగిస్తే మా అత్త పేరు పడతది.

"ఎల్లుండి అట్టలు మళ్ల అచ్చుకిస్తున్నం పెద్దమ్మా. గప్పటిదాకనే, తర్వాత మార్చరాదు."

ఇద్దరం తండాకు పోయినం. బుచ్చి అప్పుడే పత్తి ఏరి వచ్చి ఒడి దులుపుకుంటున్నది. అట్ట చదివి వినిపించిన. పెనిమిటి పేరు వినంగనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. కాపురం చేసినన్ని ఏండ్లు ఆ పేరు ఆమె నోట రాలే. మొగని పేరు చెప్పొద్దన్న కట్టడి మాకూ ఉన్నది, వాళ్లకూ ఉన్నది.

"ఇంకోపారి చదువు అక్కా."

చదివిన. మూడోపారి కూడా చదివించుకున్నది.

నాకు అంతా తెలిసిపోయిందనుకున్న. "శ్రీపాల్, ఆయన పేరే ఉండనియ్యిర. పాపం, ఆమె మనసుకు..."

"జర ఆగు అక్కా" అన్నది బుచ్చి. "వాయించింది ఎవరు?"

అట్ట శ్రీపాల్ చేతుల పెట్టిన.

"పళ్లెం మొగోళ్లదంటరు మా తాన. ఆయన చేనుకు పోయినంక సాటుంగ నేర్సుకున్న. ఒకనాడు గడప కాడ నిలబడి విన్నడు. ఒక్క మాట అనలే. తెల్లారి పళ్లెం నా మంచం కాడ పెట్టి, ఎడ్లు తోలుకొని పోయిండు." కండ్లు తుడుచుకున్నది. "ఆయన పేరు పళ్లెం మీద ఉన్నది. ఇత్తడి అరిగేదాక ఉంటది. నా పేరు రేషన్ కార్డుల తప్ప యాడ లేదు. నాది రాయి అన్నా."

శ్రీపాల్ జేబుల కలం తీసి, పాత పేరు కొట్టేసి రాసిండు. అట్ట నాకిచ్చిండు.

"చదువు అక్కా" అన్నది బుచ్చి.

"ఇత్తడి పళ్లెం: బుచ్చి."

ఈపారి కొంగు అడ్డం పెట్టుకోలే. లోపలికి పోయి పళ్లెం తెచ్చి నా చేతుల పెట్టింది. తిప్పి చూసిన. అంతటా సొట్టలే. పేరున్న కాడ మాత్రం ఒక్క దెబ్బ లేదు.