ఉత్తుత్తి రైతుకు అందిన విత్తనాలు

ఒకరు కూర్చున్న బెంచీ మీద ఇంకొకరు కూర్చోవడానికి ఒప్పుకోని ఇద్దరితో కలిసి నేనొక ప్రోగ్రాము రాశాను. ప్రభుత్వ సబ్సిడీ వేరుశనగ విత్తనాలను రైతులకు పంచే జావా ప్రోగ్రాము అది. కాంట్రాక్టు తీసుకున్న మా యజమాని దాన్ని మూడు మాడ్యూళ్లుగా కోశాడు. రైతుల నమోదు జమ్మలమడుగులో ఉండేవాడికి, గోదాముల నిల్వ పులివెందుల వాడికి, టోకెన్లిచ్చే ముక్క ప్రొద్దుటూరులో నాకు. ఎవరి ముక్కకు వాళ్లం హద్దురాళ్లు పాతుకున్నాం. పక్కవాడి లోపలికి తొంగిచూడక్కర్లేదు, అడిగిందానికి జవాబిస్తే చాలు. ఈ పద్ధతి నేర్చుకోవడానికి మా జిల్లావాళ్లకు పుస్తకం అక్కర్లేదు.

అప్పటికి ఊళ్లలో కక్షల బాంబులు తగ్గి పార్టీ జెండాలు పెరిగాయి. ఆ ఇద్దరి ఇళ్లూ చెరొక పార్టీ. పెద్దల మధ్య కేసులు ఏళ్ల తరబడి నడిచాయి కాబట్టి వీళ్లు ఫోనులో కూడా మాట్లాడుకోరు. ఒకరి సంగతి ఒకరికి మోసేది నేను.

నా టోకెన్లు సరిగా వస్తున్నాయో లేదో చూసుకోవాలంటే నమోదు ముక్క నుంచి ఒక రైతు రావాలి. ఆ ముక్క నా చేతికి రాలేదు. అందుకని ఒక ఉత్తుత్తి రైతును నేనే పుట్టించాను. బుద్ధిమంతుడు. పిలిచినప్పుడల్లా వచ్చేవాడు, టోకెన్ తీసుకునేవాడు, పరీక్ష నెగ్గినట్టు తెర మీద పచ్చగీత వచ్చేది. మిగతా ఇద్దరూ తమ ఉత్తుత్తి మనుషులతో తమ పచ్చగీతలు తెచ్చుకున్నారు. ఇక మూడు ముక్కలనూ నిజంగా కలిపి, ఒకే రైతును ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాలి. ఇంటిగ్రేషన్ టెస్టింగ్ అంటారు. ఎలా మొదలుపెట్టాలో ముగ్గురికీ తెలియదు. ఒక గదిలో కూర్చోవాలని మాత్రం తెలుసు.

"నేను వస్తానప్పా. ఆయప్ప వచ్చినాడని తెలిస్తే మాత్రం బస్సు దిగను" అన్నాడు జమ్మలమడుగు వాడు.

ఆ మాట మోసుకెళ్తే పులివెందుల వాడు నవ్వాడు. "ఆయప్పనే ఈడికి రమ్మను. టీ తాపిచ్చి పంపిస్తా."

"తాగినాక తిరిగి పోనిస్తావా?" అని అడిగాను నేను.

"అది ఆయప్ప మాట్లాడేదాన్ని బట్టి ఉంటాది."

ముగ్గురం కలవనే లేదు. "కలిపి చూసినారా?" అని యజమాని అడిగినప్పుడు, మూడు రోజులు ఒకే పళ్లెంలో తిన్నామని చెప్పాను. ఇద్దరూ వియ్యం అందుకునేదాకా వచ్చారని, పదివేల మంది రైతులను వరసగా నడిపిస్తే వేడికి కంప్యూటరు మీద దోసె పోసుకున్నామని చెప్పాను. ఆయన కడుపుబ్బ నవ్వి, పచ్చగీత చూపించమని అడగడం మరిచిపోయాడు. ప్రోగ్రాము అలాగే పనిలోకి దిగింది.

మా మామ, అమ్మకు స్వయానా తమ్ముడు, జమ్మలమడుగు దగ్గరి పల్లెలో కక్షలు ముదిరినప్పుడు ఇల్లు వదిలి కమలాపురం చేరినవాడు. పద్నాలుగేళ్లు ఆయన పొలాన్ని అవతలివాళ్లే దున్నుకున్నారు. ఆ ఏడు పెద్దమనుషులు రాజీ చేశారు. షరతు ఒక్కటే. ఈ ముంగారు వానలకు మామ స్వయంగా విత్తితే పొలం ఆయనది, బీడు పెడితే ఇక అడగకూడదు.

"అల్లుడా, విత్తనం నీ మిషన్లో పడితేనే ఇస్తారంట గదా?"

"నువ్వు పో మామా. నీ పేరు చెప్తేనే మూట లేచొచ్చి నీ భుజమెక్కుతాది."

వాన పడింది. విత్తనాల వరసలో నిలబడ్డ మామకు గుమాస్తా చెప్పిన మాట, "పెద్దాయనా, నీకు పొలమే లేదంటాంది మిషను."

మా వైపు కక్షల పల్లె వదిలి వచ్చిన మనిషిని నీ సొంత ఊరేదని అడగరు. అడిగినవాడు ఎవరి మనిషో అన్న అనుమానం వస్తుంది. జమ్మలమడుగు వాడు ఆ మర్యాదను ప్రోగ్రాములోనూ పాటించి, ఇప్పుడు ఉంటున్న ఊరొక్కటే నమోదు చేయించాడు. నా ముక్క దాన్నే పొలమున్న ఊరనుకుని, కమలాపురంలో మామ పొలం కోసం వెతికింది. నా ఉత్తుత్తి రైతు ఉన్నదీ దున్నిందీ ఒకే ఊళ్లో. వాణ్ణెవరూ తరమలేదు. ఊరు వదిలినవాళ్లందరికీ ఆ రోజు అదే జవాబు.

యజమాని కేకలకు ఇద్దరూ ప్రొద్దుటూరు వచ్చారు. గోడకొకరు ఆనుకుని, మధ్యలో నన్ను కూర్చోబెట్టారు. మూడు ముక్కలూ కలిపి, మొదటి పరీక్షకు మామ వివరాలే పెట్టాను. ఉండేది కమలాపురం, పొలం వేరే ఊరు. ఎర్రగీత వచ్చింది. ఇంకో ఊరి గడి చేర్చి పచ్చగీత తెచ్చేసరికి అయిదు రోజులు పట్టింది. అప్పటికి గోదాము ఖాళీ. బయట దొరికినవి పుచ్చిన వేరుశనగ కాయలు. నేలలో పదును ఆరిపోయింది. పొలంలోకి అవతలివాళ్ల ట్రాక్టరు దిగింది.

తర్వాత వారం మామ ఆఫీసుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఏందో సరిచేసినావంట, చూపీ" అన్నాడు.

నడిపించాను. తెర మీద ఆయన పేరు, ఆయన పల్లె పేరు, కింద పచ్చగీత.

"వచ్చినాయా?"

"వచ్చినాయి మామా. మూడు మూటలు."

ఆయన తెర మీద తన పల్లె పేరును వేలితో ముట్టుకున్నాడు. "ఇంగొకసారి తిప్పు."

తిప్పాను. మళ్లీ మూడు మూటలు వచ్చాయి. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కమలాపురం బస్సు ఎన్నింటికని అడిగాడు.